మహాగని, ఖాయా, వేప, మలబారు వేప: ఒకే కుటుంబానికి చెందిన తోట చెట్ల కలపను అడ్డుకోత చూసి వేరు చేయగలమా?

కొత్తపేట తోట (ప్రశ్న)

సభ్యులకు నమస్కారం. కోనసీమలో కొత్తపేట ప్రాంతంలో ఉన్న మా కొబ్బరితోట గట్ల వెంట నాన్నగారు పన్నెండేళ్ల కిందట మహాగని పేరుతో కొన్న మొక్కలను వరుసగా నాటించారు. ఆ వరుసలో అంతకు ముందే ఉన్న వేపచెట్లు కొన్ని, తరువాత ఖాళీలు పూడ్చడానికి నాటిన మలబారు వేపలు కొన్ని ఉన్నాయి. ఈమధ్య వీచిన ఈదురుగాలులకు వీటిలో కొన్ని పక్కకు ఒరిగిపోయాయి, కొన్ని వేళ్లతో సహా పడిపోయాయి. పడిన దుంగలను కోతమిల్లుకు తోలించి పలకలుగా కోయించాము.

మహాగని అనుకున్న చెట్లన్నీ ఒకే రకం కావేమోనన్న అనుమానం మిల్లులోనే వచ్చింది. కొన్ని దుంగల పలకలు లేత గులాబీ రంగులో, తేలికగా, రంపానికి సులువుగా లొంగేవిగా ఉన్నాయి. మరికొన్ని ముదురు ఎరుపులో, బరువుగా, వెలుగుకు అటూ ఇటూ తిప్పితే మెరిసే పట్టీలతో ఉన్నాయి. అక్కడున్న పెద్దమనిషి ఒకరు రెండో రకం ఆఫ్రికన్ మహాగని అన్నారు. మరొకరు రెండూ ఒకటేనని, గట్టుకు ఒకవైపు వరిచేను, మరోవైపు కొబ్బరి ఉండటంతో నీటి పదునులో వచ్చిన తేడా కలపలో కనిపించిందని వాదించారు. ఎవరి మాట సరైనదో తేల్చుకోవడానికి నా దగ్గర ఆధారం లేదు.

మహాగని, ఆఫ్రికన్ మహాగని, వేప, మలబారు వేప, ఇవన్నీ వేప కుటుంబానికి చెందినవేనని మా అమ్మాయి చెబుతోంది. ఇంత దగ్గరి బంధువుల కలపను లోపలి నిర్మాణం చూసి వేరు చేయడం సాధ్యమేనా? సాధ్యమైతే ఏ లక్షణాలను నమ్మవచ్చు, వేటిని నమ్మకూడదు? పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం చాలునా, సూక్ష్మదర్శిని తప్పనిసరా? అమ్మాయి డిగ్రీలో వృక్షశాస్త్రం చదువుతున్నందున కళాశాలలో సూక్ష్మదర్శిని వాడుకునే వీలుంది. ప్రతి దుంగ నుంచీ చిన్న ముక్క దాచి ఉంచాము. ఇంకా నిలబడి ఉన్న చెట్లను ఏ రకంగా లెక్కలో వేసుకోవాలో తెలియాలంటే ముందు ఇది తేలాలి.

కణజాలం (సమాధానం)

కొత్తపేట తోట గారికి, సాధ్యమేనండీ, అయితే ఒక హద్దు వరకే. కలప నిర్మాణం చూసి ఈ నాలుగింటిలో ఏ ప్రజాతికి (దగ్గరి జాతుల సమూహానికి) చెందినదో చెప్పవచ్చు. ఆ ప్రజాతిలో ఏ జాతి అన్నది చాలా సందర్భాలలో చెప్పలేము. మీకు కావలసింది ప్రజాతే కనుక దిగులుపడవలసిన పని లేదు.

మీ వరుసలో ఉండే అవకాశం ఉన్నవి ఇవి. అసలు మహాగని స్వైటీనియా ప్రజాతికి చెందినది, దాని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు, కరీబియన్ దీవులు. ఆఫ్రికన్ మహాగని పేరుతో వ్యవహరించేది ఖాయా ప్రజాతి. మన దేశంలో నాటినవి ఎక్కువగా ఖాయా సెనెగలెన్సిస్. వేప అజాడిరాక్టా ఇండికా, మలబారు వేప మీలియా డూబియా. నాలుగూ మీలియేసీ కుటుంబానివే కావడంతో వీటికి ఉమ్మడి పోలికలు చాలా ఉన్నాయి. దారునాళాలు (కలపలో నీటిని పైకి మోసే సన్నని గొట్టాలు) విడివిడిగాను, దవ్వ (కాండం నడిమి మెత్తని భాగం) నుంచి బెరడు వైపు రెండు మూడు చొప్పున జతకట్టిన వరుసలుగాను ఉంటాయి. నాళపు ముక్కల చివరలు ఒకే పెద్ద రంధ్రంతో తెరుచుకుంటాయి. చేవలోని నాళాలలో ఎర్రటి లేదా నల్లటి బంక పేరుకుంటుంది. ఇవన్నీ కుటుంబ లక్షణాలు కనుక మీ తగవు తీర్చడానికి ఇవేవీ పనికిరావు. నాళాలలో బంక కనబడింది కనుక మహాగనే అని తేల్చేవారు వేపకూ అదే గుర్తింపు ఇవ్వవలసి వస్తుంది.

ముందుగా మలబారు వేపను పక్కన పెట్టేయండి, అది అన్నిటికంటే సులువు. దాని అడ్డుకోతలో (దుంగను అడ్డంగా కోసిన ముఖంలో) ప్రతి పెరుగుదల వలయం మొదట్లోనూ పెద్ద పెద్ద రంధ్రాలు, అంటే నాళాల నోళ్లు, ఒక పట్టీగా చేరి ఉంటాయి; వలయం చివరికి వచ్చేసరికి రంధ్రాలు బాగా చిన్నవై గుంపులుగా కనిపిస్తాయి. వలయరంధ్ర దారువు అనేది దీన్నే. మిగిలిన మూడింటిలో రంధ్రాలు వలయమంతటా దాదాపు ఒకే పరిమాణంలో చెదిరి ఉంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే మీలియా సన్నని నాళాల లోపలి గోడ మీద మరచుట్టు వంటి మందపాటి గీతలు కూడా కనిపిస్తాయి. అదంతా అవసరం లేకుండానే భూతద్దంతో తేలిపోతుంది.

అసలు చిక్కు స్వైటీనియా, ఖాయా, వేపల మధ్యనే. ఇక్కడ అడ్డుకోతలో చూడవలసిన మొదటి లక్షణం వలయాల అంచున ఉండే మృదుకణజాలపు (ఆహారాన్ని నిలవచేసే పలుచని గోడల కణాల) పట్టీ. స్వైటీనియాలో చెట్టు కొంతకాలం పెరుగుదల ఆపి తిరిగి మొదలుపెట్టిన చోటల్లా, చుట్టంతా సాగే సన్నని లేతరంగు గీత ఏర్పడుతుంది. పదునైన బ్లేడుతో చెక్కి తడిపిన ముఖం మీద ఆ గీత భూతద్దానికి స్పష్టంగా అందుతుంది. ఖాయాలో సాధారణంగా ఇటువంటి గీత ఉండదు, ఉన్నా ఎక్కడో ఒకచోట అస్పష్టంగా ఉంటుంది. దాని మృదుకణజాలం నాళాల చుట్టూ కొద్దికొద్దిగా మాత్రమే అంటుకుని ఉంటుంది. అందువల్ల క్రమంగా వచ్చే గీతలు ఉంటే ఖాయాకు దూరం, లేకపోతే ఖాయాకు దగ్గర అనుకోవచ్చు.

అయితే వేపలోనూ అంచు పట్టీలు ఉంటాయి. ఈ ఒక్క లక్షణాన్ని పట్టుకుని విభజిస్తే వేప కూడా మహాగని పక్కన చేరుతుంది. వేపను వేరు చేయాలంటే సూక్ష్మదర్శినిలో రెండు విషయాలు చూడాలి. స్వైటీనియా, ఖాయాల నారలలో (కలపకు బలాన్నిచ్చే పొడుగాటి కణాలలో) సన్నని అడ్డగోడలు కనిపిస్తాయి, వేప నారలలో అవి చాలావరకు ఉండవు. వేపలో కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు నిలువు మృదుకణజాలపు కణాలలో గదులు గదులుగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. స్వైటీనియాలో అవి ఎక్కువగా దవ్వరేఖల (దవ్వ వైపు నుంచి బెరడు వైపు సాగే కణాల పట్టీల) అంచున నిలువుగా ఉండే కణాలలో కనిపిస్తాయి. ఖాయా సెనెగలెన్సిస్‌లోనూ స్ఫటికాల చోటు దవ్వరేఖలే కాబట్టి, ఈ లక్షణం వేపను విడదీస్తుంది కాని మొదటి రెండింటినీ విడదీయదు.

రెండో పెద్ద లక్షణం దవ్వరేఖల అమరిక. బెరడుకు సమాంతరంగా కోసిన పలక ముఖాన్ని నునుపు చేసి ఏటవాలు వెలుగులో చూస్తే, స్వైటీనియాలో చాలాసార్లు దగ్గరదగ్గరగా సన్నని అడ్డచారలు కనిపిస్తాయి. దవ్వరేఖలన్నీ ఒకే ఎత్తులో అంతస్తులు కట్టినట్టు అమరడం వల్ల ఆ చారలు వస్తాయి. ఖాయాలో రేఖలు అలా అంతస్తులుగా ఉండవు, ఎత్తులో ఎక్కువతక్కువలుగా చెదిరి ఉంటాయి, పెద్ద రేఖలు స్వైటీనియా రేఖల కంటే తరచుగా వెడల్పు కూడా. ఈ చారలూ అంచు గీతలూ రెండూ ఉంటే స్వైటీనియా అని ధైర్యంగా చెప్పవచ్చు.

భూతద్దం చాలునా అని అడిగారు. మలబారు వేపకు చాలు. స్వైటీనియా, ఖాయాల మధ్య చాలావరకు చాలు. వేప విషయంలో రూఢి చేసుకోవడానికి సూక్ష్మదర్శిని ఉంటే మంచిది.

రావులపాలెం కోతమిల్లు (సమాధానం)

కణజాలం గారు చెప్పిన దానికి నా వృత్తి అనుభవం నుంచి కొన్ని మాటలు చేర్చదలచాను. రంగు చూసి తీర్పు చెప్పే అలవాటు మా మిల్లుల్లో ఉంది గాని, అది నమ్మదగినది కాదు. అసలు మహాగని కోసిన రోజున లేత గులాబీగా ఉన్నా, వెలుతురు తగిలే కొద్దీ ముదిరి ఎర్రటి గోధుమరంగుకు వస్తుంది. కొత్తగా కోసిన పలకను, షెడ్డులో నెలల తరబడి నిలబెట్టిన పలకను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల వచ్చే పొరపాట్లు నేను ఎన్నో చూశాను. మీ పలకలు రెండూ ఒకేసారి కోసినవే అయినా, ఒకటి ఎండలోనూ మరొకటి నీడలోనూ ఆరి ఉంటే రంగు తేడాకు విలువ ఇవ్వవద్దు.

మెరిసే పట్టీల గురించి కూడా ఇదే చెప్పాలి. నారలు ఒక పొరలో ఒకవైపుకూ తరువాతి పొరలో మరోవైపుకూ వాలి పెరిగినప్పుడు, దుంగను దవ్వ మీదుగా కోస్తే ఆ పట్టీలు బయటపడతాయి. ఆఫ్రికన్ మహాగనిలో ఇది ఎక్కువగా ఉంటుంది, చిత్రిక పట్టేటప్పుడు నార పీక్కుపోవడానికి కారణమూ ఇదే. అయినా అసలు మహాగనిలోనూ ఇది వస్తుంది. పైగా ఒకే దుంగను అడ్డంగా తిప్పి కోస్తే పట్టీలు కనిపించకుండా పోతాయి. కాబట్టి ఏ దుంగను మిల్లులో ఎలా తిప్పి కోశారో గుర్తు తెచ్చుకోకుండా దీన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

బరువు కొంత మేలైన గుర్తు. బాగా ఆరిన తరువాత ఖాయా సెనెగలెన్సిస్ ఘనపు మీటరుకు సుమారు 700 నుంచి 800 కిలోల వరకు తూగుతుంది. అసలు మహాగనిలోని పెద్దాకు జాతి అడవి కలప 550 నుంచి 600 కిలోల దగ్గర ఉంటుంది, తోటల్లో త్వరగా పెరిగినది అంతకన్నా తేలికగా రావచ్చు. చిన్నాకు మహాగని మాత్రం దానికంటే బరువు. వేప కూడా బరువైనదే. కనుక తూకం ఒక్కటే పట్టుకుంటే చిన్నాకు మహాగని, ఖాయా, వేప మూడూ ఒకే గంపలో పడతాయి. పచ్చి పలకను తూచి లెక్క కట్టడం అసలే వద్దు. ఆ బరువులో అధిక భాగం నీళ్లే.

వ్యాపారం మాట కూడా ఒకటి చెప్పాలి. కొనేవారు చూసేది పేరు కంటే ముందు చేవ. పన్నెండేళ్ల చెట్టులో చుట్టుకొలత బాగానే కనిపించినా, చేవ నడుమ కొద్దిగా కట్టి, చుట్టూ తెల్లటి పొర మందంగా ఉంటుంది. ఆ తెల్లటి పొరకు పురుగు త్వరగా పడుతుంది. మీరు దాచిన ముక్కల్లో చేవ ఎంత ఉందో ముందు చూసుకోండి, ఎందుకంటే బంక వంటి గుర్తులు చేవలోనే కనిపిస్తాయి, తెల్లటి పొరలో వెతికితే దొరకవు.

భూతద్దంతో చూసేవారికి ఒక సూచన. రంపం కోసిన ముఖం మీద ఏమీ కనబడదు, నారలన్నీ నలిగి పొడి రంధ్రాలలో కూరుకుపోయి ఉంటుంది. గరుకు కాగితంతో రుద్దినా ఆ పొడి మరింత దట్టిస్తుంది. కొత్త బ్లేడుతో ఒక్క ఊపున పలుచని పొర తీసి, ఆ చోట వేలితో నీరు తడిపి చూడండి.

కొత్తపేట తోట (ప్రశ్నించినవారి స్పందన)

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే బ్లేడుతో చెక్కి, తడిపి చూశాము. మలబారు వేప మొదటి చూపులోనే విడిపోయింది, దాని గురించి ఇక ప్రశ్న లేదు. ముదురు ఎరుపు ముక్కలలో చుట్టూ సాగే లేత గీతలు ఎంత వెతికినా కనిపించలేదు, నాళాలలో నల్లటి బంక మాత్రం ఉంది. గులాబీ రంగు ముక్కలలో గీతలు ఉన్నాయి గాని వాటి మధ్య దూరం సమానంగా లేదు, ఒకచోట వెడల్పుగా, మరొకచోట రెండు గీతలు దాదాపు ఆనుకుని ఉన్నాయి. వేప ముక్కలో కూడా గీతలు కనిపించాయి. దానిని వేపగా నాటినది మేమే కాబట్టి అనుమానం లేదు, లేకపోతే కణజాలం గారు హెచ్చరించినట్టు మహాగనిలో చేర్చేసేవాళ్లం.

ఇప్పుడు రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది, గులాబీ ముక్కలలో అంచు గీతలు ఉన్నా, బెరడుకు సమాంతరంగా కోసిన ముఖం మీద అడ్డచారలు కనిపించలేదు. ఒక లక్షణం మహాగని అంటుంటే మరొకటి కాదంటోంది. రెండోది, అమ్మాయి కళాశాలలో సన్నని కోతలు తీసి, చదరపు మిల్లీమీటరుకు ఎన్ని నాళాలు ఉన్నాయో లెక్కపెట్టింది. ఒకే దుంగ నుంచి తీసిన రెండు ముక్కలలో ఆ సంఖ్య ఒకదానిలో మరొకదానికి దాదాపు రెట్టింపు వచ్చింది. ఒకే చెట్టులోనే ఇంత తేడా ఉంటే రెండు చెట్లను పోల్చడానికి అర్థమేమిటి? ఆ దుంగ పడిపోక ముందు నుంచే కాలువ వైపు వాలి ఉన్న చెట్టుది. గీతల సంఖ్యను చెట్టు వయసుగా తీసుకోవచ్చా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

అమలాపురం వృక్షశాస్త్రం (సమాధానం)

కొత్తపేట తోట గారూ, మీ రెండు సందేహాలకూ మూలం చాలావరకు ఒక్కటే. ముక్కలు చెట్టులో ఏ చోటివో తెలియకుండా పోలుస్తున్నారు. కలప నిర్మాణాన్ని పోల్చేవారు జాతి కంటే ముందు చోటును రాసుకోవాలి.

చెట్టు దవ్వ చుట్టూ మొదటి కొన్నేళ్లలో కట్టే కలప, ఆ తరువాత బెరడు వైపు కట్టే కలప ఒకే విధంగా ఉండవు. దవ్వ దగ్గరి కలపలో నాళాలు సన్నగా, చదరపు మిల్లీమీటరుకు ఎక్కువగా ఉంటాయి, నారలు పొట్టిగా ఉంటాయి. బయటికి వచ్చే కొద్దీ నాళాల వ్యాసం పెరిగి సంఖ్య తగ్గుతుంది, నారల పొడవు పెరుగుతుంది. అమ్మాయి చూసిన రెట్టింపు తేడాకు చాలా సహజమైన కారణం ఇదే. ఒక ముక్క దవ్వ పక్కదీ మరొకటి బెరడు పక్కదీ అయి ఉంటుంది. అందువల్ల నాళాల సంఖ్య, వ్యాసం, నారల పొడవు వంటి కొలతలను రెండు చెట్ల మధ్య పోల్చాలంటే, రెండింటిలోనూ నేల నుంచి ఒకే ఎత్తులో, దవ్వ నుంచి ఒకే దూరంలో ఉన్న కలపనే తీసుకోవాలి. అటవీశాఖవారు చుట్టుకొలత కొలిచే 1.37 మీటర్ల ఎత్తులో ఒక బిళ్ల కోసి, దవ్వ నుంచి బెరడు దాకా సాగే పట్టీగా చీల్చి, ఆ పట్టీ మీద దవ్వ నుంచి దూరాలు పెన్సిలుతో గుర్తించడం అందరూ పాటించగల పద్ధతి. కొమ్మ మొదళ్ల దగ్గర, చెట్టు రెండుగా చీలిన చోట నమూనా తీయవద్దు. మహాగని మొవ్వును హిప్సిపైలా రోబస్టా అనే పురుగు తొలిచివేయడం వల్ల మన దగ్గర చాలా చెట్లు తక్కువ ఎత్తులోనే పంగలు వేస్తాయి. అటువంటి చెట్టులో పంగకు చాలినంత కిందనే కోయాలి.

అడ్డచారల సంగతి కూడా ఇక్కడికే వస్తుంది. ఇక్కడ కణజాలం గారి మాటకు చిన్న సవరణ అవసరం. దవ్వరేఖలు అంతస్తులుగా అమరడం అనేది కాంబియం (బెరడు కింద ఉండి కొత్త కలపను కట్టే పొర) కణాలు ముదిరే కొద్దీ కుదురుకునే లక్షణం. లేత చెట్టు కాంబియంలో ఆ క్రమం ఇంకా ఏర్పడి ఉండదు, కాబట్టి దవ్వ దగ్గరి కలపలో చారలు లేకపోవడం స్వైటీనియా కాదనడానికి రుజువు కాజాలదు. దానికి తోడు స్వైటీనియాలో ఈ అమరిక అన్ని చెట్లలోనూ ఒకే స్థాయిలో ఉండదు, కొన్నింటిలో అక్కడక్కడ మాత్రమే కనిపిస్తుంది. చారలు ఉంటే బలమైన సాక్ష్యం, లేకపోతే మౌనం అంతే. మీ గులాబీ ముక్కలలో అంచు గీతలు ఉన్నాయి, నారలలో అడ్డగోడలు కూడా కనిపిస్తే వేపను తోసిపుచ్చవచ్చు, అప్పుడు స్వైటీనియా అన్న తీర్మానానికి అభ్యంతరం ఉండదు. అదే దుంగ బయటి కలపలో చారల కోసం మరొకసారి వెతకండి.

వాలిన చెట్టు నుంచి తీసిన ముక్కను నేను పోలికలో వాడను. నేలలో నీటిమట్టం పైనే ఉండే మన డెల్టాలో వేళ్లు లోతుకు దిగవు, గాలివానకు చెట్లు ఒరగడం మామూలే. ఆకురాల్చేవైనా పచ్చగా ఉండేవైనా పుష్పించే చెట్లు ఒరిగినప్పుడు తిరిగి నిలబడడానికి వాలుకు ఎదుటి వైపు, అంటే పై వైపున, ప్రత్యేకమైన కలపను కడతాయి. దానిని తన్యతా దారువు అంటారు. చాలా జాతులలో ఈ భాగపు నారల లోపల జిగురు వంటి మందపాటి సెల్యులోజు పొర ఉంటుంది, నాళాలు తక్కువగా ఉంటాయి, కోసిన ముఖం నూగునూగుగా లేస్తుంది, ఆరేటప్పుడు పలక ఎక్కువగా వంకరపోతుంది. మీ దుంగలో ఒక ముక్క వాలు వైపుదీ మరొకటి పై వైపుదీ అయితే, దవ్వ నుంచి దూరం ఒకటే అయినా లెక్కలు కలవవు. ఆ దుంగను జాతి గుర్తింపుకు వాడుకోండి గాని కొలతలకు వాడకండి.

గీతలను వయసుగా లెక్కపెట్టడం మన ప్రాంతంలో ప్రమాదకరం. మహాగని ఎండాకాలానికి ముందు ఆకు రాల్చి కొత్త చిగురు వేస్తుంది కనుక సాధారణంగా ఏడాదికి ఒక గీత రావాలి. అయితే కాలువలు కట్టేసిన నెలల్లో ఎండి, తిరిగి నీరు వదలగానే చిగురించడం, కొబ్బరికి పెట్టే తడులు అందడం, పురుగు తినేసిన తరువాత మళ్లీ మొవ్వు రావడం వంటివాటివల్ల పెరుగుదల మధ్యలో ఆగి మొదలైతే అదనపు గీత కట్టవచ్చు. మీరు చూసిన దగ్గరదగ్గర గీతలు అటువంటివి కావచ్చు. నాటిన సంవత్సరం మీకు తెలుసు కాబట్టి, తిరగేసి చూడండి: పన్నెండేళ్లలో ఎన్ని గీతలు కట్టాయో లెక్కిస్తే మీ గట్టు మీద ఆ లెక్క ఎంతవరకు నమ్మదగినదో అదే చెబుతుంది.

అమ్మాయికి పని సులువయ్యేందుకు పద్ధతి కూడా రాస్తున్నాను. సుమారు ఒక సెంటీమీటరు ఘనపు ముక్కను మునిగేదాకా నీటిలో ఉడికించి, గ్లిసరిన్, ఆల్కహాలు, నీరు కలిపిన ద్రవంలో నాననిస్తే కోతకు మెత్తబడుతుంది. స్లైడింగ్ మైక్రోటోం ఉంటే 15 నుంచి 20 మైక్రోమీటర్ల మందం కోతలు తీయాలి, లేకపోతే బ్లేడుతోనే ముక్క అంచున పలుచని పొరలు తీసినా గుర్తింపుకు సరిపోతాయి. అడ్డుకోత, బెరడుకు సమాంతరమైన నిలువుకోత, దవ్వ మీదుగా పోయే నిలువుకోత, ఈ మూడూ విధిగా ఉండాలి. అంచు పట్టీ మొదటిదానిలో, రేఖల అంతస్తులూ వెడల్పూ రెండోదానిలో, రేఖల అంచు కణాలూ స్ఫటికాలూ మూడోదానిలో కనిపిస్తాయి. సాఫ్రనిన్ రంగు చాలు. నారల పొడవు కావాలంటే అగ్గిపుల్లంత చీలికలను గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడు సమపాళ్లలో కలిపిన ద్రవంలో 60 డిగ్రీల సెల్సియస్ వద్ద తెల్లబడేదాకా ఉంచి, కడిగి, విడిపోయిన నారలను కొలవాలి. ఆ ద్రవం చర్మాన్ని కాలుస్తుంది, అధ్యాపకుల సమక్షంలో, ఆవిరిని బయటికి లాగేసే పొగపెట్టె (ఫ్యూమ్ హుడ్) కింద తప్ప చేయవద్దు.

నిలబడి ఉన్న చెట్లకు ఇంత శ్రమ అవసరమే లేదు. కాయ చూడండి. స్వైటీనియా కాయ నిలువుగా నిలబడే గట్టి కాయ, సాధారణంగా అయిదు తొనలుగా కిందినుంచి పగులుతుంది, విత్తనానికి ఒకవైపే పొడుగాటి రెక్క ఉంటుంది. ఖాయా సెనెగలెన్సిస్ కాయ గుండ్రని చిన్న బంతి, ఎక్కువగా నాలుగు తొనలుగా పగులుతుంది, బిళ్లలా పలుచగా ఉండే విత్తనం చుట్టూ అంచులా సన్నని రెక్క ఉంటుంది. ఇంకా కాయకు రాని చెట్టైతే ఆకు చూడండి: స్వైటీనియా చిట్టి ఆకుల మొదలు ఒకవైపుకు ఒరిగి, ఆకు కొడవలిలా కొద్దిగా వంగి, కొన పొడుగ్గా సాగి ఉంటుంది.

కణజాలం (సమాధానం)

అమలాపురం వృక్షశాస్త్రం గారి సవరణ సమంజసమే. కొత్తపేట తోట గారు చూసిన ముదురు ఎరుపు ముక్కల గురించి మాత్రం ఒక జాగ్రత్త చెప్పాలి. అంచు గీతలు కనబడలేదన్నారు. ముక్క చిన్నదైతే, వేగంగా పెరిగిన చెట్టులో రెండు గీతల మధ్య దూరం ముక్క పొడవు కంటే ఎక్కువ కావచ్చు, అప్పుడు గీత ఆ ముక్కలోనే ఉండదు. దవ్వ నుంచి బెరడు దాకా పూర్తి పట్టీ చూసి, ఎక్కడా గీత లేదని నిర్ధారించుకున్న తరువాతే ఖాయా అనండి. బరువు, వెడల్పైన దవ్వరేఖలు, అంతస్తులు లేని అమరిక, నారలలో అడ్డగోడలు, ఈ నాలుగూ అదే దిక్కు చూపితే సందేహం అక్కరలేదు.

గులాబీ ముక్కలు స్వైటీనియా అని తేలినా, అది పెద్దాకు మహాగనియా, చిన్నాకు మహాగనియా అన్నది కలప కోత చెప్పదు. స్వైటీనియా మాక్రోఫిల్లా (పెద్దాకు), స్వైటీనియా మహాగని (చిన్నాకు), స్వైటీనియా హ్యూమిలిస్ మూడింటి నిర్మాణం ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటుంది. ఈ ఇబ్బంది మనది మాత్రమే కాదు. అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కింద ఈ మూడు జాతులనూ వేరువేరు సంవత్సరాలలో చేర్చారు. పెద్దాకు మహాగనికి ఆ నియంత్రణ 2003 నవంబరులో అమలులోకి వచ్చింది. రేవులో పలకను పరిశీలించే అధికారి కూడా కలప చూసి స్వైటీనియా అనగలరే గాని అందులో ఏ జాతో చెప్పలేరు. ఆ నియంత్రణ అమెరికా ఖండపు స్వస్థలాలలో పెరిగిన పెద్దాకు మహాగనికి సంబంధించినది కనుక మన గట్ల మీది పెద్దాకు చెట్లకు వర్తించదు. మీ చెట్లలో రెండు జాతులనూ వేరు చేయాలంటే కాయ పరిమాణం, ఆకు పరిమాణమే దారి: మాక్రోఫిల్లా కాయ అరచేతిని మించి పెద్దది, చిన్నాకు మహాగని కాయ దానికి సగం వరకే ఉంటుంది.

ఈ లక్షణాలను రాసుకునేటప్పుడు సొంత మాటల్లో కాకుండా, అంతర్జాతీయ కలప నిర్మాణ శాస్త్రజ్ఞుల సంఘం 1989లో పుష్పించే చెట్ల కలప కోసం ప్రకటించిన 163 లక్షణాల పట్టికలోని అంకెలతో రాసుకోమని అమ్మాయికి చెప్పండి. అలా రాసుకున్న పట్టికను ఎవరికి చూపినా ఒకే విధంగా అర్థమవుతుంది. ఇంకా అనుమానం మిగిలితే, చేవతో కూడిన ముక్కను, దాని పక్కనే అదే చెట్టు ఆకు, కాయలతో ఎండబెట్టిన నమూనాను కలిపి, బెంగళూరులోని కలప విజ్ఞాన సాంకేతిక సంస్థకు గాని డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థకు గాని పంపే ఏర్పాటు కళాశాల ద్వారా అడిగి చూడండి. ముక్క ఒక్కటే పంపితే వారు చెప్పగలిగేది కూడా ప్రజాతి వరకే.

కొత్తపేట తోట (ప్రశ్నించినవారి స్పందన)

అందరికీ ధన్యవాదాలు. వాలిన చెట్టు దుంగను కొలతల నుంచి తీసేస్తున్నాము. మిగిలిన దుంగలలో మొదలు భాగం ఇంకా మిల్లులోనే ఉంది కనుక, రావులపాలెం కోతమిల్లు గారు చెప్పినట్టు చేవ దొరికే చోట, 1.37 మీటర్ల ఎత్తుకు వచ్చేలా బిళ్లలు కోయించమని చెప్పాము. నిలబడిన చెట్లలో ముదురు ఎరుపు దుంగల పక్కనే ఉన్న రెండింటి కింద గుండ్రని చిన్న కాయలు దొరికాయి. విత్తనం చుట్టూ రెక్క ఉంది. గులాబీ రంగు వైపు చెట్లకు ఇంకా కాయ పడలేదు, ఆకు మొదలు మాత్రం ఒకవైపుకు ఒరిగి ఉంది. అంచు గీతల లెక్క పూర్తయ్యాక ఏ చెట్టులో ఎన్ని వచ్చాయో ఇక్కడే రాస్తాను.